పాత స్టేషన్ వ్యాగన్ కొంటున్నారా? వైజాగ్‌లో అయితే వెనక డోర్ నుంచి మొదలుపెట్టండి

వ్యాగన్ అంటే మన ఊళ్ళో చాలామందికి ముందు అదేంటో చెప్పాల్సి వస్తుంది. సెడాన్ కారుకి రూఫ్‌ని వెనకదాకా లాగేసి, డిక్కీ మూత బదులు నిలువుగా అద్దం ఉన్న తలుపు పెడితే అదే స్టేషన్ వ్యాగన్. పాతవాళ్ళు ఎస్టేట్ అంటారు. 1992లో వచ్చిన టాటా ఎస్టేట్, ఆ తర్వాత మారుతి బలెనో ఆల్టూరా, ఫియట్ సియెనా వీకెండ్, ఒపెల్ కోర్సా స్వింగ్, స్కోడా ఆక్టావియా కాంబీ, 2004లో వచ్చిన టాటా ఇండిగో మెరీనా... మన దేశంలో లెక్కపెడితే వేళ్ళ మీద అయిపోతాయి. ఒక్కటీ పెద్దగా అమ్ముడుపోలేదు. అందుకే ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. సెడాన్ అంత మెత్తగా నడుస్తాయి, ఫ్రిజ్ కూడా పడుకోబెట్టి తెచ్చుకోవచ్చు. అరకు వెళ్ళేటప్పుడు నలుగురు మనుషులూ, వాళ్ళ సామానూ, వంట గిన్నెలతో సహా ఎక్కేస్తాయి.

నేను రెండు మెరీనాలు కొన్నాను. మొదటిదాంట్లో మునిగాను, రెండోది ఇప్పటికీ ఇంటి ముందు ఉంది. మధ్యలో స్నేహితుల కోసం ఓ అరడజను బండ్లు చూసిపెట్టాను. కాబట్టి కింద రాసినదాంట్లో సగం సొంత డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే.

మొదటి బండి సంగతి ముందే చెప్పేస్తాను. ఏప్రిల్‌లో ఒక బ్రోకర్ దగ్గర చూశాను. ఎండ దంచేస్తోంది. బండి తళతళలాడుతోంది, ఇంజన్ ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. అరగంటలో అడ్వాన్స్ ఇచ్చేశాను. జూలైలో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు లోపల ఏదో వాసన. వెనక మ్యాట్ ఎత్తి, దాని కింద స్టెప్నీ మూత ఎత్తితే స్టెప్నీ నీళ్ళలో తేలుతోంది. గాజువాక ఆటోనగర్‌లో మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళితే ఆయన నీళ్ళు తోడించి, స్క్రూడ్రైవర్ తీసుకుని ఫ్లోర్ మీద మెల్లగా ఆనించాడు. గట్టిగా పొడవను కూడా లేదు. బిస్కెట్‌లోకి దిగినట్టు కిందికి దిగిపోయింది. మ్యాట్ అడుగున తెల్లగా ఉప్పు పొర, నాలుగు చేప పొలుసులు. నాకంటే ముందు ఆ బండి రోజూ తెల్లవారుజామున హార్బర్ నుంచి ఐసు వేసిన చేపల బాక్సులు మోసింది. "ఇంజనైతే నేను చూసుకుంటాను బాబూ. ఈ ఫ్లోరుని మాత్రం దేవుడు కూడా చూడలేడు" అన్నాడాయన.

నేను చెప్పదలుచుకున్నది కూడా అంతే. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో పాత వ్యాగన్ కొంటుంటే అందరూ చూసే ఇంజన్‌ని ఆఖర్న చూడండి. మెరీనా ఇంజన్ సామాను చాలావరకు ఇండికా, ఇండిగోలదే, ఆటోనగర్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. వెనక డోరూ, వెనక అద్దం, టెయిల్ ల్యాంపులూ, డిక్కీ పక్క అద్దాలూ మాత్రం ఆ బండికే సొంతం. అవి పోతే వెతుక్కుంటూ తిరగడమే.

1. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో

బండి చూడ్డానికి పెట్రోలు తగలేసుకునే ముందు నంబర్ అడగండి. నంబర్ చెప్పడానికి నసిగేవాడితో మాట్లాడటం అనవసరం. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొడితే మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ బాకీ ఉందా లేదా అన్నవి తెలిసిపోతాయి. ట్రాఫిక్ చలాన్లు ఈ-చలాన్ సైట్‌లో విడిగా చూడాలి. పాత చలాన్లు వేలల్లో ఉన్న బండ్లు చూశాను.

నంబర్ ప్లేటు కూడా కొంత కథ చెబుతుంది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ వచ్చింది. అంతకుముందు విశాఖ బండి అంటే ఏపీ 31, విజయనగరం 35, శ్రీకాకుళం 30. ఒడిశాలోని కోరాపుట్, జైపూర్ వైపు నుంచి ఓఆర్ 10, ఓడీ 10 బండ్లు కూడా మన దగ్గరికి దిగుతుంటాయి. నేవీ వాళ్ళు ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి వెళుతుంటారు కాబట్టి కేరళ, మహారాష్ట్ర, ఢిల్లీ ప్లేట్లు కూడా ఈ ఊళ్ళో మామూలే. బయటి బండి అని భయపడక్కర్లేదు, లెక్క వేరు అంతే. అది కాయితాల దగ్గర చెబుతాను.

ఢిల్లీ డీజిల్ బండి మరీ చవగ్గా వస్తోందంటే కారణం ఉంది. అక్కడ 10 ఏళ్ళు దాటిన డీజిల్, 15 ఏళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు వచ్చాక వాటిని వేరే రాష్ట్రాలకి అమ్ముకుంటున్నారు. సముద్రం గాలి తగలని బండి కాబట్టి బాడీ బాగుండే అవకాశం ఉంది. అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే కాయితం, అదే ఎన్‌ఓసీ, చేతిలో లేకపోతే మాత్రం ముట్టుకోకండి.

2. పొద్దున్నే వెళ్ళండి, స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి

ముందురోజు రాత్రే ఫోన్ చేసి "పొద్దున ఏడుకి వస్తాను, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆయన దాచదలుచుకున్నది ఏదో ఉందన్నమాట. వేడెక్కిన ఇంజన్ చాలా తప్పుల్ని కప్పేస్తుంది.

ఒక టార్చి, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, తుడవడానికి తెల్లగుడ్డ, కింద పరుచుకోవడానికి పాత ఫ్లెక్సీ ముక్క పట్టుకెళ్ళండి. ఫ్లెక్సీ ఎందుకంటే మీరు బండి కిందికి దూరాలి. సిగ్గుపడితే కుదరదు.

3. వెనక డోర్

ఇక్కడ తొందరపడకండి. అరగంట కేటాయించండి.

డోర్ తియ్యండి. పైకెత్తి వదిలేస్తే అక్కడే నిలబడాలి. రెండు పక్కలా ఉండే గ్యాస్ రాడ్లు బలహీనపడితే మెల్లగా దిగి నెత్తిన పడుతుంది. నా మొదటి బండి అమ్మినాయన డిక్కీలో క్రికెట్ స్టంప్ ఒకటి ఉంచాడు. "పిల్లాడిది" అన్నాడు. డోర్ నిలబెట్టడానికని తర్వాత అర్థమైంది. రాడ్లు మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చేం కాదు. ఆయన అబద్ధం చెప్పాడన్నదే నాకు పనికొచ్చే సమాచారం, అప్పుడు దాన్ని పట్టుకోలేకపోయాను.

డోర్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ మొత్తం వేలితో తడుముతూ పోండి. గట్టిపడి పగిలిందా, మూలల్లో ఊడిందా చూడండి. ఈ రబ్బరుకి రెండు పనులున్నాయి. ఒకటి వాన నీళ్ళు ఆపడం. రెండోది చాలామందికి తెలియదు. వ్యాగన్ వేగంగా పోతున్నప్పుడు దాని వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగని వెనక డోర్ మీదికే లాక్కొస్తుంది. రబ్బరు పోతే ఆ పొగ లోపలికి దూరుతుంది. వెనక సీట్లో పిల్లలకి తలనొప్పి, వాంతులు వస్తే ఘాట్ రోడ్డు వల్ల అనుకుంటాం.

తర్వాత డోర్ కీలుల దగ్గర చూడండి. రూఫ్ నుంచి డోర్‌లోకి నల్ల రబ్బరు గొట్టంలో వైర్లు పోతాయి. డోర్ తీసి మూసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగుతాయి. ఇరవయ్యేళ్ళలో లోపల తెగిపోతాయి. కాబట్టి వెనక వైపరు, వెనక అద్దం మీద మంచు పోగొట్టే డీఫాగర్, నంబర్ ప్లేటు లైటు, సెంట్రల్ లాక్ ఒక్కొక్కటీ వేసి చూడండి. ఒకటి పనిచేసి ఒకటి చెయ్యకపోతే తప్పు ఆ గొట్టంలోనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కి రెండు గంటల పని. ఎవరైనా టేపు చుట్టేసి వదిలేశారా అన్నది కూడా అక్కడే కనపడుతుంది.

ఇప్పుడు మ్యాట్ ఎత్తండి. అమ్మేవాళ్ళు "లోపలేం లేదు సార్" అంటారు. అయినా ఎత్తండి. స్టెప్నీ బయటికి తియ్యండి, జాకీ తియ్యండి, ఖాళీ గుంతలో టార్చి వెయ్యండి. అడుగున గోధుమరంగు గీత ఉంటే నీళ్ళు అంత ఎత్తున నిలిచాయని అర్థం. తాజాగా నల్ల పెయింటు వేసి ఉంటే ఇంకా అనుమానించండి. అక్కడ పెయింటు వేసే ఓపిక ఎవరికీ ఊరికే ఉండదు. బొటనవేలితో గట్టిగా నొక్కండి. కరకరమంటే ఇంటికి వచ్చెయ్యండి. వాసన చూడండి. చేపల వాసన ఫినాయిల్‌తో పోదు, అగరొత్తులతో అసలు పోదు. డిక్కీలో అగరొత్తుల వాసన గుప్పుమంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

వెనక సీటు మడిచి చూడండి, లాక్ సరిగ్గా పడుతోందో లేదో. సామాను పైన కప్పే కవరు చాలా బండ్లలో మాయమైపోయి ఉంటుంది. బేరానికి పనికొస్తుంది తప్ప దాని కోసం బండి వదులుకోనక్కర్లేదు.

చివరిగా ఇద్దరు మనుషుల్ని వెనక అంచు మీద కూర్చోబెట్టండి. లేచాక బండి ఒక్కసారి పైకి లేచి నిలబడిపోవాలి. ఊగుతూ ఉంటే షాకబ్జర్లు పోయాయి. ఎవరూ ఎక్కకుండానే వెనక భాగం కిందికి జారి ఉంటే స్ప్రింగులు బరువులకి కుంగిపోయాయి. వ్యాగన్‌ని కారులా వాడినవాళ్ళు తక్కువ, ఆటో ట్రాలీలా వాడినవాళ్ళు ఎక్కువ. సిమెంటు బస్తాలు, టెంట్‌హౌస్ సామాను, క్యాటరింగ్ గిన్నెలు అన్నీ మోస్తాయి పాపం.

4. కిందికి దూరండి

లాసన్స్‌బే కాలనీలోనో, రుషికొండ, భీమిలి వైపో ఆరుబయట పదేళ్ళు నిలబడ్డ బండి ఒకటి, పెందుర్తిలో షెడ్డులో ఉన్న బండి ఒకటి, ఒకే సంవత్సరంవి పక్కపక్కన పెట్టి చూస్తే అన్నదమ్ములని కూడా అనిపించదు. రాత్రి సముద్రం గాలిలో వచ్చే ఉప్పు తేమ అతుకుల్లో చేరి అక్కడే కూర్చుంటుంది. పైన వాన కడుగుతుంది, కింద ఎవరూ కడగరు. అందుకే "రాత్రిళ్ళు బండి ఎక్కడ పెడతారండీ?" అని మాటల్లో మాటగా అడగండి. కిలోమీటర్లు ఎన్ని తిరిగిందన్నదానికంటే నాకు ఈ జవాబే ముఖ్యం.

చూడాల్సినవి: నాలుగు తలుపుల కింద పొడవుగా పోయే అంచు, జాకీ పెట్టే చోట్లు, వెనక చక్రాల ఆర్చిల లోపలి వైపు, సస్పెన్షన్ బాడీకి బిగించిన చోటు, బ్రేకు పైపులు, డీజిల్ ట్యాంకు పట్టీలు. పైపైన ఎర్రగా ఉన్న తుప్పు వేరు. అది గీకి ప్రైమర్ వేస్తే ఆగుతుంది. పొరలు పొరలుగా లేచి అప్పడంలా విరిగే తుప్పు వేరు. సస్పెన్షన్ బిగించిన చోట రెండో రకం కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. తలుపు కింద మట్టుకే ఉంటే టింకరింగ్ మేస్త్రీ ముక్క కోసి వెల్డింగ్ చేస్తాడు, ఆ ఖర్చు కనుక్కుని బేరం ఆడండి.

పైకి కూడా చూడండి. వ్యాగన్ రూఫ్ మీద రెండు పొడవాటి రెయిలింగులు ఉంటాయి. అవి రూఫ్‌లోకి బిగించిన కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిచి తుప్పు మొదలవుతుంది. లోపల దాని సరిగ్గా కింద సీలింగ్ గుడ్డ మీద టీ మరకలాంటి వలయం కనిపిస్తుంది. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పోర్టు దగ్గర, వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపు బండ్లకి ఉప్పుతో పాటు బొగ్గు, ఐరన్ ఓర్ దుమ్ము అదనం. అది పెయింటులోకి దిగిపోతుంది. చూపుకి మాత్రమే బాధ, అదో పెద్ద లోపం కాదు.

5. దెబ్బ తిన్నదా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజు చెట్లు కూలి, రేకులెగిరి ఎన్ని కార్లు నలిగాయో అప్పుడు ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2014కి ముందు ఏపీ 31 బండి ఏదైనా చూస్తుంటే రూఫ్‌ని ప్రత్యేకంగా చూడండి. వ్యాగన్‌కి రూఫ్ పొడుగు, సరిచేస్తే దొరికిపోతుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వెనక నుంచి కన్ను రూఫ్ ఎత్తులో పెట్టి చూడండి. కొట్టి సరిచేసిన రేకు మీద వెలుగు అలలు అలలుగా కనిపిస్తుంది.

అయస్కాంతం ఇక్కడ పనికొస్తుంది. గుడ్డలో చుట్టినదాన్ని తలుపుల కింద, ఆర్చిల మీద ఆనిస్తూ పోండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, మందంగా పుట్టీ పెట్టినచోట జారిపోతుంది. బంపర్లు ప్లాస్టిక్, అక్కడ పెట్టి కంగారుపడకండి. బానెట్, తలుపుల బోల్టుల మీద పానా గుర్తులున్నాయా చూడండి. అద్దాల మూలల్లో కంపెనీ గుర్తుతో పాటు సంవత్సరం తెలిపే అంకె ఉంటుంది. అన్నిటిమీదా ఒకటే ఉండి ఒక్కదాని మీద వేరేగా ఉంటే ఆ వైపు ఏదో జరిగింది. టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్ళు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే, నాలుగు టైర్ల డబ్బు లెక్కలో వేసుకోండి.

నీళ్ళలో మునిగిన బండిని పట్టుకోవడానికి సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. బయట కనిపించే భాగం కడుగుతారు, లోపల చుట్టుకుని ఉన్న భాగం ఎవరూ కడగరు. బురద గీత అక్కడే ఉండిపోతుంది.

6. ఇంజన్

ఇప్పుడు బానెట్ ఎత్తండి. ఇంకా స్టార్ట్ చెయ్యొద్దు.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తియ్యాలి. కూలెంట్ రంగులో ఉండాలి. ఎర్రమట్టి నీళ్ళలా ఉంటే ఏళ్ళ తరబడి కుళాయి నీళ్ళు పోశారు. పైన నూనె తేలుతుంటే, లేదా ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటిది ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయినట్టు అనుమానించాలి. ఆయిల్ గేజి తీసి తెల్లగుడ్డతో తుడిచి చూడండి. డీజిల్‌కి ఆయిల్ నల్లగా ఉండటం సహజం, దానికి భయపడొద్దు.

స్టార్ట్ చేయించి మీరు వెనక నిలబడండి. డీజిల్ అయితే హీటర్ లైటు ఆరాకే తిప్పాలి. చల్లటి ఇంజన్ మొదట కాస్త పొగ వదలడం మామూలే. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే పంపు, ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్. తెల్లపొగ వేడెక్కాక కూడా పోకపోతే గ్యాస్కెట్ అనుమానం బలపడుతుంది. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొంచెం ఆవిరి పరవాలేదు. రైలింజన్‌లా గుప్పుగుప్పున కొడుతుంటే రింగులు అరిగాయి, ఇంజన్ పని దగ్గరపడింది.

టైమింగ్ బెల్ట్ గురించి తప్పకుండా అడగండి. మెరీనా డీజిల్, ఆల్టూరా, ఆక్టావియా 1.9 డీజిల్ మూడిటికీ చైను కాదు, బెల్టే. అది తెగితే వాల్వులు దెబ్బతిని ఇంజన్ విప్పాల్సి రావచ్చు. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. కొన్న వారంలోనే మార్పించండి, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

ఇక మీటర్. తిప్పడం పెద్ద విద్య కాదు. ఇరవయ్యేళ్ళ డీజిల్ బండి అరవై వేలే తిరిగిందంటే క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బరు చూడండి, స్టీరింగ్ మీద తోలు చూడండి, డ్రైవర్ సీటు కుడి అంచు చూడండి. అవి అబద్ధం చెప్పవు.

7. రోడ్డు మీదికి

కాలనీలో ఒక రౌండు తిప్పి "బాగుంది కదండీ" అంటారు. ఒప్పుకోవద్దు. గంట అడగండి, డీజిల్ మీరే పోయించండి.

నా రూటు చెబుతాను. హనుమంతవాక నుంచి హైవే ఎక్కి కొమ్మాది దాటి ఆనందపురం వైపు. అద్దాలన్నీ ఎత్తేసి ఎనభైలో పోండి. స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ లేదా రిమ్ములు. వెనక నుంచి డీజిల్ పొగ వాసన వస్తే నేను పైన చెప్పిన రబ్బరు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట స్టీరింగ్ మీద పట్టు కొంచెం సడలించండి, పక్కకి లాగుతుందేమో. వెనకొచ్చే వాహనాలు లేవని చూసుకుని గట్టిగా బ్రేకు కొట్టండి.

తర్వాత సింహాచలం ఘాట్ రోడ్డు. ఒక్కరే వెళితే ప్రయోజనం లేదు, నలుగురు ఎక్కండి. అప్పన్న దర్శనం కూడా అయిపోతుంది. ఎక్కేటప్పుడు పై గేరులో ఎక్సలరేటర్ నొక్కితే ఇంజన్ రొద పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. పాత మెరీనా 1405 సీసీ డీజిల్ అయితే కొండెక్కుతూ ఆయాసపడుతుంది. అది లోపం కాదు, పుట్టుకే అంత. టెంపరేచర్ ముల్లు మాత్రం సగం దగ్గర నిలబడాలి. మలుపుల్లో టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, గుంతల్లో దడదడమంటే బుష్‌లు, లింక్ రాడ్లు. దిగేటప్పుడు సెకండ్ గేరులో వదిలితే గేరు బయటికి తన్నకూడదు. కొండ కింద ఆగి చక్రాల దగ్గర వాసన చూడండి, ఒక్క చక్రం మాత్రమే కాలుతుంటే బ్రేకు పట్టేస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎన్‌ఏడీ జంక్షన్ వైపు రండి. ట్రాఫిక్‌లో పావుగంట ఏసీ వేసుకుని ఆగండి. కదిలేటప్పుడు ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. వ్యాగన్‌లో చల్లబరచాల్సిన గది పెద్దది, మన ఊరి ఉక్కపోతలో అసలు సంగతి ఆగినప్పుడే తెలుస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదీ లేనిదీ కూడా అక్కడే బయటపడుతుంది.

ఇంత చేశాక కూడా ఒక మెకానిక్‌కి చూపించండి. అమ్మేవాళ్ళు చెప్పిన మెకానిక్‌కి కాదు, మీ మెకానిక్‌కి. లిఫ్టు ఉన్న షెడ్డయితే మరీ మంచిది.

8. కాయితాలు

పాత వ్యాగన్ దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి. ఆ తర్వాత ఆర్టీవో ఆఫీసులో బండి చూపించి, పాసయితే అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2009 బండి గడువు 2024లోనే అయిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటినవాటికి దాన్ని 10,000 చేశారు. గ్రీన్ టాక్స్ వేరే. "రెన్యువల్‌దేముంది సార్, మీరు చేయించుకోండి" అనే మాటకి పడిపోకండి. బండి పాసవుతుందని అంత నమ్మకం ఉంటే ఆయనే చేయించి అమ్మొచ్చు. రెన్యువల్ అయ్యాకే మొత్తం డబ్బు అనండి.

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్, బండి మీద చెక్కిన నంబర్ అంకె అంకెకీ కలవాలి. కాయితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే నంబర్ పడుతుంది. తుప్పు వల్ల నంబర్ చదవడానికి రాకపోతే ఆర్టీవో దగ్గర తలనొప్పే. బండి ఎప్పుడైనా ట్యాక్సీగా తిరిగిందా అన్నది కూడా చూడండి. పసుపు బోర్డు నుంచి తెల్ల బోర్డుకి మార్చిన మెరీనాలు నేనే రెండు చూశాను.

ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, ఫారం 30. ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ. వేరే రాష్ట్రం బండయితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ టాక్స్. ఆ టాక్స్ ఎంత పడుతుందో ఆఫీసులో ముందే కనుక్కోండి, చవకనుకున్న బండి అక్కడ బరువెక్కుతుంది.

పాత బండ్లలో ఇంకో చిక్కు తరచుగా వస్తుంది. ఆర్‌సీ ఎవరో పెద్దాయన పేరుమీద ఉంటుంది, అమ్మేది కొడుకు. "నాన్నగారు పోయి మూడేళ్ళయిందండీ, సంతకం నేను పెట్టేస్తాను" అంటాడు. కుదరదు. ముందు ఫారం 31 మీద బండి వారసుడి పేరుకి మారాలి, ఆ తర్వాతే మీకు. సానుభూతి చూపించండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.

బ్రోకర్లు ఓపెన్ ఫారాల మీద సంతకాలు తీసుకుని పేరు మార్చకుండా చేతులు మారుస్తుంటారు. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల పేరు మార్పు అమ్మేవాళ్ళకి కూడా అవసరమే. ఆ మాట నెమ్మదిగా చెబితే చాలామంది ఆర్టీవో ఆఫీసుకి వాళ్ళే బయల్దేరతారు.

9. బేరం, డెలివరీ

మీరు రాసుకున్న లోపాల చిట్టా బయటికి తియ్యండి. ఒక్కోదానికి మెకానిక్ చెప్పిన ఖర్చు పక్కన రాయండి. "ఏదో కొంచెం తగ్గించండి" అంటే వెయ్యి తగ్గుతుంది. "టైమింగ్ బెల్టు ఇంత, టైర్లు ఇంత, వెనక రాడ్లు ఇంత" అంటే అవతలివాళ్ళకి వాదించడానికి ఏమీ ఉండదు. వ్యాగన్‌కి కొనేవాళ్ళు తక్కువ, ఆ సంగతి అమ్మేవాళ్ళకీ తెలుసు. నాలుగు రోజులు ఆగితే వాళ్ళే ఫోన్ చేస్తారు. నా మటుకు నేను బండి ధరలో మూడోవంతు మొదటి ఆర్నెల్ల రిపేర్లకి విడిగా పెట్టుకుంటాను. అది చేతిలో లేకపోతే ఆ బండి నా స్థాయికి మించినదే.

రెండో మెరీనా ఉక్కునగరంలో ఒక రిటైరైన ఉద్యోగి దగ్గర కొన్నాను. నేను ఫ్లెక్సీ పరుచుకుని కిందికి దూరుతుంటే ఆయన కోప్పడలేదు. లోపలికి వెళ్ళి ఇంకో టార్చి తెచ్చి, "నా టార్చికి వెలుగెక్కువ, ఇది తీసుకోండి" అన్నాడు. అప్పుడే సగం బేరం అయిపోయింది. స్టెప్నీ గుంత పొడిగా ఉంది, బిల్లులన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. పొగ కాస్త ఎక్కువే ఉంది, ఇంజెక్టర్లు చేయించుకున్నాను.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. డెలివరీ రసీదులో తేదీతో పాటు టైము కూడా వేయించండి. ఆ నిమిషానికి ముందు చలాన్లు ఆయనవి, తర్వాతవి మీవి. పాత ఫాస్టాగ్ పీకించండి, లేకపోతే టోల్‌గేట్ దగ్గర ఎవరి డబ్బు కట్ అయిందో తెలియక ఫోన్లు మొదలవుతాయి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోండి. నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, బండితో పాటు మీకు రాదు.

ఇంటికి తెచ్చిన మొదటి ఆదివారం వెనక డోర్ వేసేసి, టార్చి పట్టుకుని డిక్కీలో కూర్చోండి. ఇంట్లోవాళ్ళని పైపుతో రూఫ్ మీదా, డోర్ చుట్టూ పది నిమిషాలు నీళ్ళు కొట్టమనండి. నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతాయో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. సోమవారం ఆ గుర్తులు చూపిస్తే మేస్త్రీకి వెతుకులాట ఉండదు. వానాకాలం దాకా ఆగితే ఆ పని స్టెప్నీ గుంత చేసిపెడుతుంది.